ఇన్‌ఛార్జి ఆకాశసుతుడు

పెన్నగిరి జిల్లాలో వానలు కురవకపోవడానికి కారణం రుతుపవనాలు కావనీ, ఆ పనికి బాధ్యుడైన అధికారి ఎవరూ లేకపోవడమేననీ మొట్టమొదట కనిపెట్టిన ఘనత కలెక్టరు ప్రభంజన్ కుమార్‌గారికే దక్కాలి. రోడ్లకు ఒక ఇంజనీరున్నాడు. కోళ్ల జబ్బులకు ఒక డాక్టరున్నాడు. తూనికలకూ కొలతలకూ ఒక ఇన్‌స్పెక్టరున్నాడు. వర్షానికి ఎవరున్నారు? సంజాయిషీ అడగడానికి ఒక మనిషంటూ లేని పని ఎక్కడైనా, ఎప్పుడైనా జరిగిందా?

ఈ జ్ఞానం ఆయనకు చైనాలో ఉదయించింది. బిందు సేద్యపు గొట్టాలు తయారుచేసే కర్మాగారాన్ని పరిశీలించడానికి జిల్లా నుంచి ఒక బృందం బీజింగ్ వెళ్లింది. వెళ్లిన రోజున కర్మాగారానికి సెలవు. మరునాడూ సెలవే. పర్యటన నివేదికలో ఏమి రాయాలన్న ఆందోళన బృందంలో మొదలుకాగా, గైడు వారిని ఆకాశాలయానికి తీసుకుపోయాడు.

మింగ్ వంశపు చక్రవర్తులు పదిహేనో శతాబ్దంలో మొదలుపెట్టగా తరువాతివారు పెంచి కట్టిన ఆలయమది. అక్కడి దైవం ఆకాశమే. ఆకాశం గుండ్రం, భూమి చదరం అన్న నమ్మకంతో ప్రాకారాన్ని ఉత్తరాన వంపుగానూ దక్షిణాన కోణాలతోనూ కట్టారు. ఆరుబయట మూడంతస్తుల పాలరాతి వేదిక ఉంది. దాని నట్టనడుమ గుండ్రటి రాయి ఒకటి. ఆ రాతిచుట్టూ తొమ్మిది పలకల వలయం, దానిచుట్టూ పద్దెనిమిది, ఆపైన ఇరవై ఏడు, అట్లా తొమ్మిది వలయాలు. చక్రవర్తి ఆకాశానికి కొడుకు. ఏటా ఉపవాసముండి, ఆ వేదికనెక్కి, సాగిలపడి, రాజ్యం సంగతులు తండ్రికి విన్నవించుకునేవాడు. దేశంలో పంటలు ఎండిపోతే తప్పు మేఘాలది కాదు, చక్రవర్తిది.

ఈ చివరి మాట గైడు నోట వెలువడగానే ప్రభంజన్ కుమార్‌గారు ఆ చలిలో కోటు గుండీలు విప్పేశారట. "బాధ్యతను స్థిరపరచడం! జవాబుదారీతనం! వీళ్లు ఎన్ని వందల ఏళ్లు ముందున్నారయ్యా!" అన్నారట.

తిరిగివచ్చిన వారంలోనే సమావేశమందిరంలో అధికారులందరినీ కూర్చోబెట్టి తెరమీద ఫోటోలు చూపించారు. చూపించినవాడు బృందంతో వెళ్లివచ్చిన డాక్టర్ వరరుచి. అంతకుముందు ఆయన వేరుశనగ తెగుళ్లమీద ఉపన్యాసాలిచ్చేవాడు. విమానం దిగేసరికి జిల్లా ప్రతీకల సలహాదారుగా నియమితుడయ్యాడు.

"ఆహార్యము, ఆకృతి, అంకె. ఈ త్రిసూత్ర సమన్వయం ద్వారా సదరు నాగరికత వర్షపాతాన్ని పరిపాలనా పరిధిలోకి తీసుకొని వచ్చియున్నది," అన్నాడు వరరుచి. "పంటల ప్రార్థనామందిరంలో నాలుగు స్తంభాలు నాలుగు ఋతువులు. పన్నెండు స్తంభాలు పన్నెండు నెలలు. మరి పన్నెండు, చైనావారి దినంలోని పన్నెండు జాములు. మన కలెక్టరేట్ స్తంభాలు దేనికి ప్రతీకలు? సిగ్గుతో తల వంచుకోవలసియున్నది."

అందరూ తలలు వంచుకున్నారు. చివరి వరుసలో ఒక తల మాత్రం నిటారుగా ఉంది. అది సహాయ గణాంకాధికారి ఓబుళపతిది.

ఓబుళపతి పని సులువైనదే. ప్రతి ఉదయం మండలాల నుంచి కొలపాత్రల లెక్కలు తెప్పించుకుని, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో రాజధానికి పంపాలి. మూడేళ్లుగా అతడు పంపుతున్నది దాదాపు ఒకే అంకె. అది సున్న. కొలవలేనిదాన్ని నమ్మకపోవడం, కొలిచినదాన్ని దాచకపోవడం అతడి స్వభావం. ఈ స్వభావం వల్ల శత్రువులు ఏర్పడలేదు గాని, సమావేశాలలో అతడి పక్కన ఎవరూ కూర్చునేవారు కారు.

లోకంలో అతడికున్న కోరిక ఒక్కటే, రిలీవ్ కావడం. భార్య సుభాషిణి రాష్ట్రానికి ఆ కొసన, సముద్రపొడ్డున రేవుపాలెంలో హెడ్ నర్సు. పెళ్లయిన నాటినుంచి ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నది సెలవుల్లోనే. ఏళ్ల తరబడి దరఖాస్తులు పెట్టగా పెట్టగా, భార్యాభర్తల కోటాలో అతడికి రేవుపాలెం బదిలీ అయింది. అయితే కలెక్టరేట్ వారు రిలీవ్ చేయలేదు. బదిలీ అయి రిలీవ్ కాని ఉద్యోగి, ఇంజను తగిలించని రైలుపెట్టెలో కిటికీ పక్క సీటు దొరికినందుకు సంతోషిస్తూ కూర్చున్న ప్రయాణికుడిలాంటివాడు.

అట్లాంటివాడు నోరు మూసుకోవాలి. ఓబుళపతి మూసుకోలేదు. వరరుచి తెరమీద ప్రార్థనామందిరం ఫోటో చూపించి, పందొమ్మిదో శతాబ్దం చివర అది పిడుగుపాటుకు కాలిపోగా మళ్లీ కట్టారని చెప్పినప్పుడు లేచి నిలబడ్డాడు.

"ఆకాశాన్ని పూజించే మందిరం మీద ఆకాశమే పిడుగు వేసిందా సార్?"

వరరుచి చిరునవ్వు నవ్వాడు.

"దానిని రసీదుగా పరిగణించవలెను," అన్నాడు. "విన్నపము పై కార్యాలయమునకు అందినది అనుటకు."

కలెక్టరుగారు చప్పట్లు కొట్టారు. తరువాత చివరి వరుసవైపు చూసి, "ఆయన పేరేమిటి?" అని అడిగారు.

*

వానకు బాధ్యత వహించడానికి జిల్లాలో కొత్తగా సృష్టించిన ఆకాశసుతుడి పదవిని మొదట కలెక్టరుగారు తామే స్వీకరించాలనుకున్నారు. దుస్తుల కొలతలు కూడా ఇచ్చారు. అంతలో వరరుచి ఇంకొంచెం చదివి, వాన పడకపోతే చక్రవర్తి తన తప్పులు తానే ఒప్పుకుంటూ ప్రజలకు ప్రకటన విడుదల చేసే ఆచారం ఉండేదని మనవిచేశాడు. ప్రభంజన్ కుమార్‌గారు ఒక నిమిషం కళ్లు మూసుకున్నారు. తెరిచి, అధికార వికేంద్రీకరణే తమ జీవితాశయమన్నారు.

పదవి మెట్లు దిగడం మొదలుపెట్టింది. జాయింట్ కలెక్టరు దాన్ని రెవెన్యూ అధికారికి పూర్తి అదనపు బాధ్యతలుగా అప్పగించి శిక్షణకు వెళ్లిపోయాడు. రెవెన్యూ అధికారి వ్యవసాయాధికారికి అప్పగించి ఆస్పత్రిలో చేరాడు. వ్యవసాయాధికారి, వర్షం తన శాఖది కాదనీ, నేలమీద పడిన తరువాతే తన శాఖలోకి వస్తుందనీ, గాలిలో ఉన్నంతసేపూ అది గణాంకశాఖదేననీ రాసి పంపాడు. ఆ వాదనలోని పదును అందరూ మెచ్చుకున్నారు.

పరిపాలనాధికారి గురునాథం ఓబుళపతిని పిలిపించాడు. జిల్లాలో ఏ ఉద్యోగి ఎప్పుడు రిలీవ్ కావాలో నిర్ణయించే చేయి ఆయనదే.

"రాప్పా, కూర్చో. నీకొక మంచి మాట చెప్తా. నిన్ను ఆకాశానికి కొడుకును చేసినారు."

"నాకు తండ్రి ఉన్నాడు సార్. రిటైరై ప్రొద్దుటూరులో ఉంటున్నాడు."

"ఆయప్పకేం నష్టం లేదులే. ఇన్‌ఛార్జే గదా. ఒక ఉపవాసం, ఒక దండం. రెండో దినం రిలీవ్ చేస్తా. నువ్వెట్లా పోయేటోడివే కాబట్టే నీకేసినాం. ఉండేటోళ్లెవురూ ఒప్పుకోల్యా."

"రాసిస్తారా?"

"నా మాటే రాత గదప్పా!"

ఓబుళపతి ఆలోచించాడు. ఒక రాతిమీద నిలబడితే నష్టమేమీ లేదు. రాతిమీద నిలబడ్డ మనిషికీ మేఘానికీ సంబంధం లేదు. సంబంధం లేని పనికి బాధ్యత మాత్రం ఎట్లా ఉంటుంది? తర్కం వరకు ఇది నిర్దుష్టమే. తర్కాన్ని కార్యాలయంలోకి తీసుకురావడమే అతడు చేసిన పొరపాటు.

నియామకపు ఉత్తర్వు మీద సంతకం పడిన సాయంత్రమే అతడు రిలీవింగ్ సంగతి గుర్తుచేశాడు. గురునాథం నిబంధనల పుస్తకం మూసి, అద్దాలు తుడుచుకుని, నిజమైన విచారంతో చెప్పాడు.

"ఒక చిక్కొచ్చిందప్పా. నియమించినోళ్లే రిలీవ్ చెయ్యల్ల. ఆకాశసుతుణ్ణి నియమించేది ఆకాశమంట. మేం ఉత్తర్వు అందించినోళ్లమే. వరరుచి సారు ఫైల్లో రాసినాడు."

"ఆకాశాన్ని నేనెక్కడ అడగాలి సార్?"

"సరైన మార్గంలో," అన్నాడు గురునాథం, చూపుడువేలు పైకెత్తి.

*

కలెక్టరేట్ ముందర కార్లు నిలిపే స్థలంలో వేదిక లేచింది. పాలరాయికి బదులు కడప బండలు. గుండ్రటి కట్టడానికి ప్రభుత్వ ధరల పట్టికలో ధర లేదని ఇంజనీరు అభ్యంతరం చెప్పాడు. పట్టికలో ఉన్నవి పొడవు, వెడల్పు మాత్రమే. వారం రోజుల ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత "వృత్తాన్ని నాలుగు భుజాలు కనిపించని చతురస్రంగా భావించవలెను" అని అనుమతి లభించింది.

చైనాలో ఒక చక్రవర్తి కోసం దగ్గరదారిగా ఒక చిన్న ద్వారం కట్టారు. తన సంతతివారు సోమరులవుతారని భయపడి ఆయన, డెబ్భై ఏళ్లు నిండినవారే ఆ ద్వారం గుండా నడవాలని శాసించాడు. ఆ తరువాత వచ్చిన చక్రవర్తులెవరూ డెబ్భై చూడలేదు. ఈ కథ విని కలెక్టరుగారు కన్నీరు పెట్టుకున్నారు. కలెక్టరేట్ వెనక గోడలో ఉన్న దారికి అట్లాంటి ద్వారమే పెట్టించారు. ఉద్యోగులంతా అంతకంటే చాలా ముందే పదవీవిరమణ చేస్తారు కనుక ఆ ద్వారం ఎవరికీ పనికిరాదు. దానికి కాపలా పెట్టారు. క్యాంటీన్ ఆ వెనకే ఉంది. అప్పటినుంచీ టీ తాగాలంటే అందరూ బస్టాండు చుట్టి రావలసివచ్చింది.

ఉపవాసం కోసం ఓబుళపతిని పాత స్టేషనరీ గదిలో పెట్టారు. మాంసం, మద్యం, సంగీతం నిషేధం. ఉపవాసం ముగిసేవరకు కార్యాలయంలో శిక్షలకు సంబంధించిన ఫైళ్లు ఎవరు చూడడమూ నిషేధమే. ఇది తెలియగానే క్రమశిక్షణ చర్యలు ఎదుర్కొంటున్న ఉద్యోగులంతా ఒక వినతిపత్రం సమర్పించారు. ఉపవాసాన్ని దసరా వరకు పొడిగించాలని కోరారు.

చైనాలో చక్రవర్తికి ఉపవాసం గుర్తుచేయడానికి పలక పట్టుకున్న ఒక కంచు మనిషి బొమ్మ ఉండేది. ఇక్కడ కంచు టెండరు రద్దయినందున, రికార్డు అసిస్టెంటు శేషప్పకు కంచురంగు పూసి, "ఉపవాసం" అన్న పలక చేతికిచ్చి తలుపు దగ్గర నిలబెట్టారు.

"సార్, ఉపవాసం మీకా నాకా?" అని అడిగాడు శేషప్ప, పెదవులు కదలకుండా.

"నాకు."

"అట్లయితే నేను పోయి దోసె తినొస్తా. పలకను గోడకానిస్తా. అది కూడా గుర్తు చేస్తాది గదా."

"పో. రంగు మీద పోతే జనం జడుసుకుంటారేమో."

"నిన్ననే పోయినా సార్. హోటలాయన లేచి దండం పెట్టినాడు. బిల్లు తీసుకోల్యా."

శేషప్ప అటు వెళ్లగానే లింగమ్మ వచ్చింది. గుట్టూరులో రెండు వేరుశనగ చేలు ఎండగొట్టుకున్న ఆడమనిషి. చెప్పులు బయట విడిచి, గది నలుమూలలా చూసి, స్టూలుమీద కూర్చున్న ఓబుళపతి దగ్గర ఆగింది.

"నువ్వేనా సామీ వాన సారు?"

"నేను లెక్కలు రాసేవాణ్ణమ్మా. వాన నా చేతిలో లేదు."

"ఆ మాట నాకూ తెలుసులే. నీ మొగం చూస్తే నీ చేతిలో ఏదీ ఉండేట్టు లేదు." లింగమ్మ నేలమీద చతికిలబడింది. "నేనొచ్చింది వానకు కాదు సామీ, కరువుకు. మా మండలాన్ని కరువు పట్టీలో ఎక్కియ్యలేదు. అడిగితే, వానకు ఆఫీసరును పెట్టినాక కరువెట్లొస్తాదమ్మా అంటాండారు. ఆ ఆఫీసరున్నన్ని దినాలు మాకు కరువు లేదంట."

సున్నలు రాసి రాసి పంపిన కాగితాలన్నీ ఓబుళపతి కళ్లముందు కదిలాయి. అవి ఏ బల్లమీద, ఏ ఉత్తర్వు కింద పడి ఉన్నాయో ఇప్పుడు తెలిసింది.

"అందుకే అడుగుతాండా," అంది లింగమ్మ బతిమాలుతూ. "నువ్వు యాడికన్నా బిన్నా పో సామీ, ఆలీసం చెయ్యొద్దు. నువ్వు పోతే మాకు కరువొస్తాది. నీకు పుణ్యముంటాది."

"నేనూ పోవాలనే ఎదురుచూస్తున్నానమ్మా."

"మరి పోక?"

"రిలీవ్ చెయ్యరు."

లింగమ్మ అతడివైపు జాలిగా చూసింది. "నాకంటే నీ బతుకే కరువుగా ఉంది గదప్పా," అని, కొంగున కట్టుకొచ్చిన వేయించిన శనక్కాయలు అతడి ఒళ్లో పోసి వెళ్లిపోయింది. ఆకాశసుతుడు ఉపవాసాన్ని అక్కడితో భంగం చేశాడు.

*

కార్యక్రమం రోజున ఎండ మండిపోతోంది. పట్టుబట్టలు దొరకనందున పౌరాణిక నాటక సమాజం నుంచి రాజు వేషం అద్దెకు తెచ్చారు. దాని ఛాతీమీద సింహం బొమ్మ ఉంది. సింహాన్ని డ్రాగన్‌గా పరిగణించవలెనని ఒక ఉత్తర్వు వెలువడింది. చైనాలో మధ్యశిలపై నిలబడి మాట్లాడితే గొంతు చుట్టూ మారుమోగి ఆకాశానికి చేరుతున్నట్టు వినిపిస్తుందట. కడప బండలకు ఆ గుణం లేకపోవడంతో ఓబుళపతి కాలరుకు మైకు బిగించి, నాలుగు దిక్కులా లౌడుస్పీకర్లు పెట్టారు. పత్రికలవారు, టీవీవారు వచ్చారు. కలెక్టరుగారు గొడుగు కింద కూర్చున్నారు.

ఓబుళపతి మెట్లెక్కి, మధ్యశిల మీద నిలబడి, వరరుచి రాసిచ్చిన విన్నపం చదవడం మొదలుపెట్టాడు. "ఆకాశము వారి దివ్యసముఖమునకు, పెన్నగిరి జిల్లా ఇన్‌ఛార్జి సుతుడు వ్రాసుకొను విన్నపమేమనగా..."

రాజు వేషం లోపల ఫోను మోగింది. ఆ మోత నాలుగు లౌడుస్పీకర్లలోనూ మోగింది. తీసి ఆపబోయి, పొడుగాటి చేతుల అంగీలో వేళ్లు చిక్కుకుని, ఓబుళపతి దాన్ని ఎత్తాడు. స్పీకరు కూడా నొక్కుకుపోయింది.

"ఏవండీ!" సుభాషిణి కంఠం పెన్నగిరి అంతటా వినిపించింది. "ఏం చేశారండీ బాబూ అక్కడ? ఇక్కడ వాన! తెల్లారుజామునుంచి ఒకటే పోత. మా వీధిలో మోకాళ్లదాకా నీళ్లు. ఆస్పత్రి మెట్లమీద కప్పలు డ్యూటీ చేస్తున్నాయి. నేను మిమ్మల్ని పంపమంటే వానను పంపారేంటండీ?"

వేదిక కింద డాక్టర్ వరరుచి రెండు చేతులూ పైకెత్తాడు.

"సిద్ధించినది! వర్షము మంజూరైనది!"

కెమెరాలన్నీ వేదికవైపు పరుగెత్తాయి. "అల్పపీడనం! బంగాళాఖాతంలో అల్పపీడనం!" అని ఓబుళపతి మైకులో అరుస్తున్నాడు. వరరుచి దాన్ని చైనా భాషలోని మంత్రమని పత్రికలవారికి వివరిస్తున్నాడు.

"ఎవరండీ ఆ గోల?" అంది సుభాషిణి లౌడుస్పీకర్లలో. "మీరు ఆఫీసులోనే ఉన్నారా?"

సాయంత్రానికి కలెక్టరుగారు పత్రికా ప్రకటన విడుదల చేశారు. పెన్నగిరి ప్రయోగం విజయవంతమైందనీ, మొదటి విడత వర్షం కురిసిందనీ, అది కొద్దిపాటి సాంకేతిక కారణాలవల్ల తూర్పు తీరంలో పడిందనీ అందులో ఉంది.

ప్రకటన చదివిన రేవుపాలెం అధికారులు ఊరుకోలేదు. తమ జిల్లాలో మునిగిన వీధులకూ, కూలిన కరెంటు స్తంభాలకూ పెన్నగిరి జిల్లావారు అంగీకరించిన ప్రకారమే పెన్నగిరి జిల్లావారు బాధ్యులనీ, తగు చర్య తీసుకోవాలనీ ఫ్యాక్సు పంపారు. రాజధాని నుంచి కూడా ఫోను వచ్చింది. ఆ ఫోనులో ఏమన్నారో తెలియదు గాని, మాట్లాడుతున్నంతసేపూ ప్రభంజన్ కుమార్‌గారు నిలబడే ఉన్నారని శేషప్ప చెప్పాడు.

మరునాడు ఓబుళపతికి అభియోగపత్రం అందింది. "సదరు ఇన్‌ఛార్జి ఆకాశసుతుడు తనకు కేటాయించిన పరిధిలో వర్షము కురిపించక, పరిధి వెలుపల, పై అధికారుల ముందస్తు అనుమతి లేకుండా, అత్యధిక వర్షము కురిపించి యున్నాడు. పైగా లబ్ధిపొందిన ప్రాంతమందు అతని భార్య నివసించుచుండుట బంధుప్రీతిని సూచించుచున్నది."

*

విచారణకు ముందు గురునాథం అతణ్ణి వరండాలోకి తీసుకుపోయాడు.

"నీ మంచికి చెప్తాండా, విను. తప్పు ఒప్పుకున్నావా, శిక్ష కింద పదవి తీసేస్తారు. దోషం చేసిన చక్రవర్తికి ఆకాశం తన ఆమోదాన్ని వాపసు తీసుకుంటాదంట. ఇంగ రిలీవ్‌కు అడ్డం లేదు. నష్టపోయిన జిల్లాకే పంపిస్తారు. అంటే రేవుపాలెం."

"ఒప్పుకోకపోతే?"

"నిర్దోషివి. నిర్దోషికి ఏమి శిక్షప్పా? గౌరవంగా ఈడనే ఉంటావు. పర్మనెంటు చేస్తారు."

ఓబుళపతి బస్టాండు చుట్టి క్యాంటీనుకు వెళ్లి, టీ ముందు పెట్టుకుని భార్యకు ఫోను చేశాడు.

"ఒప్పేసుకోండి మహానుభావా!" అంది సుభాషిణి అంతా విని. "దొంగతనం చేశానని కాదుగా. వాన కురిపించానని. పరువైన నేరమేనండి అది."

"నేను కురిపించలేదు కదా. లేని సంబంధాన్ని ఉందని ఎట్లా సంతకం పెట్టేది? జీవితమంతా ఎవరిమీదైతే నవ్వానో వాళ్లలో కలిసిపోవడమే కదా."

"లేని సంబంధమా? మరి మన సంబంధం ఉందాండీ, లేదాండీ? కొలవడానికి ఏదైనా పాత్ర ఉంటే పంపండి, కొలిచి చెబుతాను."

టీ చల్లారింది.

"సరేలెండి," అంది ఆమె, గొంతు తగ్గించి. "మీరు అబద్ధం రాసి వస్తే ఆర్నెల్లు నిద్రపోరు. ఆ ఆర్నెల్లూ నన్నూ నిద్రపోనివ్వరు. ఏది నిజమో అదే రాయండి. వస్తే వస్తారు, లేకపోతే దసరాకే వస్తారు."

విచారణ కలెక్టరుగారి గదిలో జరిగింది. పక్కన వరరుచి, ఎదురుగా గురునాథం. ఓబుళపతి లిఖితపూర్వకమైన వాంగ్మూలాన్ని బల్లమీద పెట్టాడు. అందులో మూడే వాక్యాలున్నాయి. కలెక్టరుగారు పైకి చదివారు.

"ఆ రోజు ఉదయం నేను వేదిక మధ్యశిలపై నిలబడ్డాను. అదే ఉదయం రేవుపాలెంలో వాన కురిసింది. ఈ రెండింటికీ సంబంధం ఉందనడానికి నా దగ్గర ఎట్లాంటి సాక్ష్యమూ లేదు."

ఓబుళపతి కిటికీవైపు చూశాడు. నిజం రాసినందుకు గుండె తేలికగానూ, దసరా దూరంగానూ ఉంది.

"మొదటి వాక్యం అంగీకారం," అన్నారు కలెక్టరుగారు మెల్లగా. "రెండో వాక్యమూ అంగీకారమే. మూడోది..." ఆయన కాగితాన్ని వెలుతురుకెత్తి పట్టారు. "సాక్ష్యం నా దగ్గర లేదు, అంటున్నాడు. వరరుచిగారూ, గమనించారా? నా దగ్గర లేదు, అంటున్నాడు!"

"అనగా అన్యులవద్ద ఉన్నదని భావము," అన్నాడు వరరుచి.

"ఎవరి దగ్గర దాచావు?"

"ఎవరి దగ్గరా లేదు సార్. అసలు సాక్ష్యమే లేదు."

"ధ్వంసం చేశాడు!" కలెక్టరుగారు కుర్చీలోంచి లేచారు. "నేరం ఒకటైతే దాన్ని కప్పిపుచ్చడం మరొకటి. గురునాథంగారూ, రాయండి. అభియోగాలన్నీ రుజువైనవి. తక్షణమే పదవి నుంచి తొలగించి, నష్టపోయిన జిల్లాకు పంపండి. ఈరోజే."

"సార్, ఇంకొక్క మాట," అన్నాడు ఓబుళపతి. "శాస్త్రీయంగా చూస్తే..."

గురునాథం బల్లకింద అతడి కాలు గట్టిగా తొక్కాడు. శాస్త్రం అక్కడితో ఆగిపోయింది.

ఖాళీ అయిన పదవిని డాక్టర్ వరరుచికి పూర్తి అదనపు బాధ్యతలుగా అప్పగించాలని కలెక్టరుగారు సెలవిచ్చారు. ఆ మధ్యాహ్నమే వరరుచి వేరుశనగ తెగుళ్లు విజృంభిస్తున్నాయని చెప్పి తన మాతృశాఖకు వెళ్లిపోయాడు. పదవి ఖాళీగా ఉండిపోయింది. వానకు బాధ్యుడైన అధికారి లేనందువల్ల పెన్నగిరిలో కరువున్నట్టు ఎట్టకేలకు ప్రకటించారు. పట్టీలో గుట్టూరు మండలం మొదటి వరుసలోనే ఉంది.

*

రేవుపాలెంలో ఓబుళపతిని వర్షానికి దూరంగా ఉంచాలని పైనుంచి సూచన వచ్చింది. అక్కడి అధికారి అతడికి కోళ్ల గణాంకాలు అప్పగించి, "మీరు మాత్రం మేడమీదకి ఎక్కకండేం, ఆకాశం కనబడే చోట అసలే నిలబడకండి," అని ప్రాధేయపడ్డాడు. ఓబుళపతి కింది అంతస్తులో కిటికీ లేని గదిలో కూర్చుని కోళ్లను లెక్కపెట్టి, పొద్దుగూకకముందే ఇంటికి వచ్చేవాడు. ఇల్లు ఆస్పత్రి వెనకే. వరండాలో సుభాషిణి చేపలు శుభ్రం చేస్తుంటే, అతడు పక్కన పీటమీద కూర్చుని ఉల్లిపాయలు తరిగేవాడు. ముక్కలన్నీ ఒకే పరిమాణంలో ఉండేవి. ఆమె వాటిని చూసి నవ్వేది.

వచ్చిన మూడో వారంలో ఒక సాయంత్రం గురునాథం దగ్గరనుంచి ఫోను వచ్చింది. ఆయన మాట వినిపించడం లేదు. వెనక ఏదో పెద్ద హోరు.

"ఓబుళపతీ! ఈడ వాన! పొద్దున్నుంచి! కుండపోత!"

"మంచిది కదా సార్."

"యాడ మంచిదప్పా! పదవి ఖాళీగా ఉండాది. కురిపించినోడు ఎవుడో తెలీడం లేదు. కలెక్టరు సారు శివాలెత్తినాడు. బాధ్యుడైన అధికారి లేకుండా కురిసిన వర్షం చెల్లదంటాడు. కరువు ప్రకటించినాక పడిన వానను రాసుకోకూడదంటాడు. అనుమతి లేని వాన మీద విచారణ ఎయ్యమన్నాడు. ఎవురి మీద ఎయ్యల్ల? నువ్వే చెప్పు!"

"రైతులేమంటున్నారు సార్?"

"ఏమంటారు? గుట్టూరోళ్లు ఎవుర్నీ అడగకుండా నాగళ్లు కట్టేసినారు. ఆ లింగమ్మయితే విత్తనాల బస్తా తలకాయి మీద పెట్టుకోని వానలోనే పోయిందంట."

ఓబుళపతి చేతిలోని కత్తి కింద పెట్టాడు. ఫోను చెవికి గట్టిగా అదుముకుని, చాలాసేపు ఆ హోరు విన్నాడు. మూడేళ్లు సున్న రాసిన చేయి ఊరికే ఒళ్లో కదులుతోంది.

"సార్, వరండా పక్కన కొలపాత్ర ఉంది కదా. దాంట్లో ఎంతుందో చూశారా?"

"ఎవురూ చూడల్యా. చూడకూడదని ఉత్తర్వు."

"చూడండి సార్. ఎక్కడా రాయొద్దు. నాకు చెప్పండి చాలు."

కొంతసేపు హోరు మాత్రమే వినిపించింది. తరువాత వానలో తడిసిన అడుగుల చప్పుడు, దూరంగా శేషప్ప నవ్వు, చివరకు గురునాథం గొంతు. ఆ గొంతులో పరిపాలన ఏమీ మిగల్లేదు. "నిండి పొంగిపోతాందప్పా!"

ఓబుళపతి ఫోను పెట్టేసి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. ఉల్లిపాయలు ఇంకా సగం మిగిలి ఉన్నాయి.

"ఏంటండీ?" అంది సుభాషిణి. "మళ్లీ వానా? ఇది ఎవరు కురిపించారట?"

"ఎవరూ కాదు," అన్నాడు ఓబుళపతి, ఆ మాటను రెండోసారి కూడా రుచిచూస్తూ. "ఎవరూ కాదు."